చలి అడిగే పువ్వుతో దక్షిణానికి

2022 అక్టోబరు 6, గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మినెసొటా రాష్ట్రంలోని ఈగన్ పట్టణంలో, ఒక అద్దె ఇంటి ముందు మా ప్రయాణం మొదలైంది. కారులో ముగ్గురము: స్వప్నక్క, తొమ్మిదేళ్ల ఆమె కూతురు ఆన్వి, నేను. స్వప్నక్క భర్త కిరణ్ గారికి పాత ఉద్యోగం పోయి, వీసా గడువు ముగిసేలోపు టెక్సాస్‌లోని రౌండ్ రాక్‌లో కొత్తది దొరికింది. ఆయన ముందే వెళ్లి చేరారు. సామాను లారీలో వెళ్లింది. డ్రైవింగులో అక్కకు తోడుగా వెళ్లి, విమానంలో తిరిగి రావడం నా వంతు.

ఈ ప్రయాణానికి అక్క పిలవగానే నేను ఒప్పుకోవడానికి స్నేహం ఒక్కటే కారణం కాదు. మాది ధర్మవరం. మా ఇంట్లో అందరూ మగ్గం మీద కూర్చున్నవారే. కళాశాల గడప దాటిన మొదటిదాన్ని నేను. ఉద్యానశాస్త్రం చదవడానికి మినెసొటా వచ్చి, ఇప్పుడు అక్కడే ఒక గ్రీన్‌హౌస్‌లో పనిచేస్తున్నాను. తరగతి గోడ మీద అమెరికా పటం ఒకటి ఉండేది. ఉత్తరాన ఊదా, కిందికి వచ్చేకొద్దీ నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ. మొదటిసారి చూసినప్పుడు ఎవరో దేశానికి పట్టుచీర కట్టారనుకున్నాను. అవి మొక్కల చలి ఓర్పును చెప్పే జోన్లు. ప్రతి ఏడాదిలోనూ అన్నిటికన్నా చలిగా ఉన్న రాత్రి ఒకటి ఉంటుంది కదా! ముప్పై ఏళ్ల పాటు అలాంటి రాత్రుల లెక్క తీసి, వాటి సగటును బట్టి దేశాన్ని పదమూడు జోన్లుగా విడదీశారు. ఒక్కో జోనుకు పది ఫారన్‌హీట్ డిగ్రీల తేడా. దానినే మళ్లీ ఎ, బి అని రెండు సగాలు చేశారు. మా ఈగన్ నాలుగు బి. రౌండ్ రాక్ ఎనిమిది బి. ఈ రెండింటినీ కలిపే రోడ్డు ఒక్కటే, ముప్పై అయిదో నంబరు అంతర్రాష్ట్ర రహదారి. చీర కుచ్చిళ్ల నుంచి కొంగు దాకా వేలు పెట్టి రాసినట్టు అది ఆ రంగులన్నిటినీ కోసుకుంటూ పోతుంది. పుస్తకంలో చదివిన దానిని నాలుగు రోజుల్లో కళ్లతో చూడబోతున్నానన్న ఉత్సాహంతో ముందు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఈగన్: బకెట్‌లో ఒక వేరు

కారు వెనుక సీటులో ఆన్వి పక్కన ఒక తెల్ల ప్లాస్టిక్ బకెట్ ఉంది. అందులో తడి వార్తాపత్రికలు చుట్టిన మూట. విప్పి చూస్తే చేమదుంపల గుత్తి లాంటి గోధుమరంగు వేరు. తల దగ్గర ఎర్రటి మొలకలు, చెరకు కణుపు మీద కన్ను ఉన్నట్టు. మొత్తం ఏడు కళ్లు.

"అక్కా, ఇది పియోనీ కదా? ఎక్కడికి?"

"ఎక్కడికేంది? మాతోనే. ఆన్వి పువ్వును ఇడిసిపెట్టి పోతనా?"

ఆ పువ్వు సంగతి చెప్పాలి. పియోనీ మన ముద్దబంతి కన్నా మూడింతలు పెద్దది, లేత గులాబీ రంగు, తన బరువుకు తానే నేలకు వంగిపోతుంది. మొగ్గ మీద ఎప్పుడూ చీమలు తిరుగుతుంటాయి. పక్కింటి డోరతీ గారు, అప్పటికే డెబ్బై దాటిన ఆవిడ, ఆన్వి పుట్టిన సంవత్సరం సెప్టెంబరులో తన తోటలోని మొక్కను చీల్చి ఒక ముక్క తెచ్చి ఇచ్చారు. రెండేళ్లు ఆకులే వచ్చాయి. మూడో ఏడు జూన్ పన్నెండున, సరిగ్గా ఆన్వి పుట్టినరోజుకు, పూసింది. అప్పటి నుంచి ప్రతి జూన్ పన్నెండుకు పూల పక్కన ఆన్విని నిలబెట్టి ఫోటో తీయడం ఆనవాయితీ. కిందటి వసంతంలో డోరతీ గారు ఇల్లు అమ్మి వృద్ధుల నివాసానికి వెళ్లిపోయారు. కొత్తగా కొన్నవాళ్లు ఆమె పూలమడి తీసి కారు నిలుపుకోవడానికి సిమెంటు పోశారు. ఇక మిగిలింది స్వప్నక్క పెరట్లోని ఈ దుబ్బు ఒక్కటే. ఏటా ఫోటో పంపుతానని అక్క ఆవిడకు మాట ఇచ్చింది.

అందుకే చెప్పడానికి నాకు కాస్త నోరు రాలేదు. అయినా చెప్పాను.

"టెక్సాస్‌లో ఇది పూయదేమో అక్కా."

"ఏం మాట్లాడుతున్నవ్ గీతా? మైనస్ ఇరవైల మంచు కింద పడుకొని లేసింది. ఎండల బతకదా?" అని ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టింది. "సూడు. జోన్ త్రీ టు ఎయిట్ అని రాసున్నది. రౌండ్ రాక్ ఎయిట్ బి. ఎయిట్ అంటే ఎయిటే గదా?"

"ఎయిటే అక్కా."

"మరింక? నీ మాస్టర్స్ అంత నీళ్లల్ల పోసినవా?"

వెనుక నుంచి ఆన్వి నవ్వింది. నేను బెల్టు పెట్టుకుని కారు నడిపాను. ఒక పని మాత్రం ముందు రోజు సాయంత్రమే పట్టుబట్టి చేయించాను: వేరుకు అంటిన మట్టినంతా పైపు నీళ్లతో కడిగించడం. మినెసొటా మట్టిలో ఎగిరెగిరి పడే ఒక రకం వానపాములు ఉన్నాయి, వాటి గుడ్లు మట్టితో పాటు రాష్ట్రాలు దాటిపోతాయి. ఆ చన్నీళ్లకు మా వేళ్లు కొయ్యబారిపోయాయి. "పురుడు పోసినట్టుంది" అని అక్క విసుక్కుంది.

ఐయోవా: ఆపిళ్ల దగ్గర వాదన

రాష్ట్రం సరిహద్దు దాటగానే మొక్కజొన్న. ఇటూ మొక్కజొన్న, అటూ మొక్కజొన్న, ఎండి గలగలలాడుతూ కోతకు సిద్ధంగా. కోసే యంత్రాలు ఇల్లంత ఎత్తున్నాయి. ఒకే మనిషి లోపల కూర్చుని, పాటలు వింటూ ఊరంత పొలం కోసేస్తున్నాడు. మా జిల్లాలో వేరుశనగ పీకడానికి ఎంతమంది వంగుతారో తలచుకున్నాను.

డి మొయిన్ నగరం ఇంకా గంట దూరం ఉందనగా రోడ్డు పక్క ఒక ఆపిల్ తోట దగ్గర ఆగాము. సంచి పన్నెండు డాలర్లు. మనమే కోసుకుంటే ఎనిమిది. ఆన్వి కోస్తానని పరుగెత్తింది. తోట యజమానురాలు మాకు ఒక్కొక్క గ్లాసు వేడి ఆపిల్ రసం ఇచ్చింది, దాల్చినచెక్క వాసనతో. అంత రుచిగా ఉంటుందని అనుకోలేదు. రెండో గ్లాసుకు డబ్బు ఇవ్వబోతే, "అంత ఇష్టంగా తాగేవాళ్ల దగ్గర తీసుకోను" అంది.

నాకు అవకాశం దొరికింది.

"అక్కా, ఆపిల్ మీ కరీంనగర్‌లో కాస్తుందా?"

"యాడ కాస్తది? కశ్మీర్ల కాస్తది. దానికి చల్లగుండాలె."

"చల్లగా ఉండటం ఎందుకు? కరీంనగర్‌లో అది చచ్చిపోతుందా?"

అక్క గ్లాసు కింద పెట్టింది. "నీ తెలివి నాకర్థమైతంది గీతా. ఆపిల్ వేరు, పువ్వు వేరు."

వేరు కాదని అప్పుడు వివరించాను. జోను నంబరు ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ఈ మొక్క ఇక్కడి చలికి చస్తుందా, చావదా? కానీ కొన్ని మొక్కలకు చలి శత్రువు కాదు. అవి చలిలో వారాల తరబడి నిద్రపోవాలి, ఆ నిద్ర నిండితేనే మొగ్గ తొడుగుతాయి. చలి ఎంత లోతుకు దిగుతుందో పటం చెబుతుంది. ఎంతకాలం ఉంటుందో చెప్పదు. రౌండ్ రాక్, సియాటిల్ చుట్టుపక్కల ఊళ్లు ఒకే నంబరులో ఉన్నాయి. సియాటిల్‌లో చలికాలం తడిగా, మందంగా నెలల పాటు సాగుతుంది. అక్కడ పియోనీలు విరగబూస్తాయి. రౌండ్ రాక్‌లో చలి చుట్టంలా రెండు రోజులు వచ్చి పోతుంది, జనవరిలో కూడా మధ్యాహ్నం చొక్కా చేతులు మడుచుకోవాలి. మన రైతులు పటం చూడరు, కార్తెలు చూస్తారు. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని, మృగశిరలో విత్తనం వేయాలని చెప్పే ఆ లెక్క కాలానిది. ఇక్కడి పటం లెక్క చోటుది. రెండూ కలిస్తే గానీ తోట కాదు.

ఇదంతా నేను చాలా చక్కగా చెప్పానని నా నమ్మకం. అక్క అంతా విని, "మనకేమో ఎండంటే వరం, చలంటే శాపం. దీనికి ఉల్టానా?" అంది. తరువాత కిటికీ వైపు తిరిగి, "ఫ్రిజ్‌ల పెడత. నాకేంది?" అంది.

ఆ మాట వేళాకోళం కాదని ఆ రాత్రే తెలిసింది. హోటల్లో, దక్షిణాది తోటమాలులు పియోనీ మళ్ల మీద చలికాలంలో ఐసు ముక్కలు పోస్తారన్న వీడియో ఒకటి అక్క వెతికి పట్టుకుంది.

శుక్రవారం ఉదయం హోటల్ వాకిట్లో మలుపు తిప్పుతుంటే బకెట్ ఒరిగిపోయింది. "మామ్! వాటర్ మొత్తం కందిపొడి మీద పడింది!" అని ఆన్వి కేక. వేరు తడి ఆరకూడదని నేనే ముందు రాత్రి నీళ్లు ఎక్కువ పోశాను. అక్క పొద్దున్నే చేసిన ఉప్మాలోకి ఉన్న ఆ ఒక్క ఆదరువూ పోయింది.

కాన్సాస్: పచ్చిక గుట్టల మధ్య

మిస్సోరి దాటి కాన్సాస్‌లోకి వచ్చేసరికి మధ్యాహ్నం. ఆరో జోను! పొద్దున ఎర్రబడిన చెట్ల కింద బయలుదేరిన వాళ్లము, ఇప్పుడు ఇంకా పచ్చగా ఉన్న చెట్ల కింద ఉన్నాము. దక్షిణానికి పోతుంటే కాలం వెనక్కి నడుస్తోంది. స్వెట్టర్లు ఒక్కొక్కటే వెనుక సీటులోకి వెళ్లాయి. ఒక పొలం గట్టున చెట్టు నిండా పచ్చటి, ముడతలు పడ్డ, బంతి అంత కాయలు. ఆన్వి ఒకటి తెచ్చి, "ఆంటీ, దీనికి బ్రెయిన్ ఉంది!" అంది. నిజంగానే మెదడు లాగే ఉంది. ముళ్లతీగ కంచెలు రాకముందు రైతులు ఈ చెట్లనే వరుసగా నాటి కంచెగా పెంచేవారట. దాని పాలు చేతికి అంటుకుని సబ్బుకు కూడా వదలలేదు.

భోజనానికి ఆగిన చోట ఒక వింత. చిక్కుడు గింజలు వేసిన కారపు సూపుతో పాటు చక్కెర పూత పూసిన దాల్చినచెక్క రొట్టె తెచ్చి పెట్టారు. ముందు రొట్టె తినాలా, తరువాత తినాలా అని అడిగితే వడ్డించే ఆమె ఆశ్చర్యపోయింది: "కలిపి. ముంచుకుని." ఇక్కడి బడుల్లో పిల్లలకు చిన్నప్పటి నుంచి అలాగే పెడతారట. మిరపకాయ బజ్జీ, బొబ్బట్టు ఒకే కంచంలో పెట్టుకున్నట్టు అనిపించింది. తిన్నాక తెలిసింది, బజ్జీ మీదికి బొబ్బట్టు అంత చెడ్డదేమీ కాదు.

సాయంత్రం, గడ్డి తప్ప చెట్టే లేని గుట్టల నడుమ ఒక చిన్న ఊరి మోటెల్‌లో దిగాము. యజమానురాలు హంసాబెన్, గుజరాతీ. యాభై దాటిన మనిషి, చీర మీద ఉన్ని కోటు, కాళ్లకు పరుగు బూట్లు. మా కారు వెనుక తలుపు తీయగానే బకెట్ చూసి, "అరే, ఇది మీ దగ్గర ఎక్కడిది?" అని హిందీలో అడిగింది. అప్పుడు గమనించాను: మోటెల్ బోర్డు కింద వరుసగా పియోనీ దుబ్బులు, ఎండిన ఆకులు నేలమట్టంగా కోసి ఉన్నాయి.

రాత్రి వంట అయ్యేదాకా ఉండండని మెంతికూర వేసిన థేప్లా రొట్టెలు, టీ పెట్టి ఆమె కథ చెప్పింది. పన్నెండేళ్ల కిందట ఈ మోటెల్ కొన్నారు. బోర్డు కింద ఏవో పిచ్చిమొక్కలు లేచాయని మొదటి వసంతంలో మొదలంటా కోయించింది.

"మే నెల చివర ఊళ్లో ముసలమ్మలు ఆరుగురు వచ్చారు, చేతిలో కత్తెరలతో. పువ్వులేవి అంటారు. ఏ పువ్వులు అంటాను. వాళ్ల ముఖాలు చూడాలి! పోలీసులను పిలుస్తారేమో అనుకున్నా."

యుద్ధంలో పోయిన సైనికులను తలచుకునే రోజు మే చివర వస్తుంది. ఆ రోజు సమాధుల మీద పెట్టడానికి ఆ ఊరు ఊరంతా ఈ మొక్కల పూలే కోసుకునేదట, ఎన్నో ఏళ్లుగా. తరువాతి సంవత్సరం ఆమె వాటిని ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ రోజు పొద్దున పూలు ఆమే కోసి బకెట్లలో పెట్టి బయట ఉంచుతుంది, టీ కూడా.

"మే ఆఖరుకే పూస్తాయా? మాకు జూన్ రెండో వారం కదా!" అంది అక్క.

"ఇక్కడ మే ఆఖరే, బేటీ. దీన్ని ఇక్కడ వదిలి వెళ్తే చెప్పు. చోటు ఉంది."

అక్క ముఖం ముడుచుకుంది. "లేదు బెహన్‌జీ. ఇది మా ఇంటిది" అని లేచింది.

శనివారం ఉదయం

ఆ ఉదయం గాలి ఎంత బలంగా వీచిందంటే, కారు పై కప్పు మీద పెట్టిన నా కాగితపు పళ్లెం ఎగిరి పక్క పొలంలో పడింది. ఆన్వి మోటెల్ మెట్ల మీద బకెట్ పక్కన కూర్చుని ఉంది. మాట్లాడేది తెలుగే అయినా దాని యాస అంతా మినెసొటాదే.

"ఆంటీ, టెక్సాస్‌లో అది డై అవుతుందా?"

"లేదమ్మా. బతుకుతుంది."

"ఫ్లవర్ వస్తుందా?"

అక్క సామాను సర్దడం ఆపింది. నేను ఆమె వైపు చూడకుండా, "రాకపోవచ్చు. ఆకులు వస్తాయి" అన్నాను.

"అయితే అది ఎందుకు రావాలి?"

"మనం పోతలేమా?" అని అక్క ఒక్కసారిగా గొంతు పెంచింది. "మనల్ని అడిగిండ్రా ఎవరన్న? నీ స్కూల్ అడిగిందా, నా ఆఫీస్ అడిగిందా? తొమ్మిదేండ్లు ఒక్క చోట ఉన్నం. గదొక్కటి నాతోని తెచ్చుకుంటే అందరికి ఏం కష్టం?"

ఆన్వి ఏడవలేదు. "డోరతీకి ఫోన్ చేద్దాం" అంది. "అది ఫస్ట్ ఆమెది కదా."

అక్క చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి, చివరికి నొక్కింది. స్పీకర్లో డోరతీ గారి గొంతు గాలికి పైన వినపడేంత ఖంగుమంది. విషయం అంతా అక్క చెప్పింది, తాను చేయాలనుకున్న ఐసు ముక్కల ఏర్పాటుతో సహా.

డోరతీ గారు నవ్వడం మొదలుపెట్టి దగ్గుతో ఆపారు. "స్వప్నా, ఆ మొక్క మా అమ్మమ్మతో విస్కాన్సిన్ నుంచి బంగాళాదుంపల సంచిలో వచ్చింది. నాతో మూడు ఇళ్లు మారింది. నాటిన వాళ్లందరినీ సాగనంపడం దానికి అలవాటే. ఇక్కడ నా గది ముందు ప్లాస్టిక్ పూలు పెట్టారు, మంగళవారం మంగళవారం వాటి దుమ్ము దులుపుతారు. నాకు ఇంకొక ప్లాస్టిక్ పువ్వు వద్దు."

"నేను మీకు ప్రామిస్ చేసిన, డోరతీ."

"ఫోటో పంపుతానని చేశావు. మొక్కను పక్కలో పెట్టుకుని పడుకుంటానని కాదు."

ఆన్వి పగలబడి నవ్వింది. అక్క కూడా నవ్వబోయి, పైట కొంగు వెతుక్కుని, లేదని గుర్తొచ్చి, నా భుజం మీది శాలువాతోనే కళ్లు తుడుచుకుంది. ఫోన్ పెట్టేశాక బకెట్ దగ్గర కూర్చుని, నా వైపు చూడకుండా అంది: "సగమే. సగం నాతోని వస్తది. పూయకుంటే పూయకపాయె, కండ్ల ముంగట ఉండని."

అక్టోబరు పియోనీని చీల్చడానికి సరైన నెల. ఇంత మంచి ముహూర్తం ఎవరూ పెట్టకుండానే కుదిరింది! హంసాబెన్ వంటింట్లో అన్నిటికన్నా పొడవైన కత్తి తెచ్చింది. మోటెల్ మెట్టు మీద వేరును పరిచి, కళ్లు లెక్కపెట్టి, ఎక్కడ కోస్తే రెండు ముక్కలకూ తగినన్ని కళ్లు వస్తాయో చూశాను. ఏడు కళ్లు, నాలుగు ఒక వైపు, మూడు ఒక వైపు. కత్తి దింపాను. పచ్చిముల్లంగి తెగిన చప్పుడు.

"నాలుగు కళ్లది ఎవరికి?" అన్నాను.

"ఫ్లవర్ వచ్చే ప్లేస్‌కి పెద్దది" అంది ఆన్వి, అక్క నోరు తెరిచేలోపు.

బోర్డుకు తూర్పున, పొద్దుటి ఎండ పడే చోట గుంత తీశాము. కళ్ల మీద రెండు వేళ్ల మందం మట్టి మాత్రమే ఉండాలి. లోతుగా పాతితే ఏళ్ల తరబడి పూయదు. గుంత లోతును వేళ్లతో నాలుగుసార్లు కొలిచాను. హంసాబెన్ ఎక్కడి నుంచో కుంకుమ భరిణె తెచ్చి, మట్టి మీద చిటికెడు చల్లింది. గుర్తుగా పాతిపెట్టడానికి ఏమీ దొరక్కపోతే పనికిరాని గది తాళం కార్డు ఒకటి ఇచ్చింది. ఆన్వి దాని మీద తన పేరు రాసి మట్టిలో గుచ్చింది.

అక్క హంసాబెన్ రెండు చేతులూ పట్టుకుని, తన కరీంనగర్ హిందీలో, "నీళ్లు ఎక్కువ పోయొద్దు, కొయ్యొద్దు, మర్చిపోవద్దు" అని మూడుసార్లు చెప్పింది.

"నేను ఒకసారి కోసి తిట్లు తిన్నదాన్ని, బేటీ. ఇక చాలు" అంది ఆమె.

ఓక్లహోమా: మా ఊరి రంగు

ఆ రోజు కారు తేలికైనట్టు అనిపించింది. ఓక్లహోమాలో ఒక చోట రోడ్డు కోసిన గట్టు చూసి నేను అక్క చేత కారు ఆపించాను. ఎర్రమట్టి! అచ్చంగా అనంతపురం ఎర్రమట్టి! ఏడు సంవత్సరాలుగా నల్లటి మినెసొటా మట్టిలో చేతులు పెట్టినదాన్ని, ఆ మట్టి పిడికెడు తీసి వాసన చూశాను. "నీకు పిచ్చి గిట్ల లేసిందా?" అని అక్క ఫోటో తీసింది.

ఏడో జోనులో వీధుల వెంట గులాబీ గుత్తులతో క్రేప్ మర్టిల్ చెట్లు కనపడ్డాయి. మినెసొటాలో వీటిని పుస్తకంలో తప్ప చూడలేదు. అక్కడి నుంచి నేను ఒక ఆట మొదలుపెట్టాను: మన ఊరి మొక్క ఏది ముందు కనపడుతుందో చెప్పాలి. టెక్సాస్‌లోకి వచ్చి డాలస్ దగ్గరపడుతుండగా రోడ్డు మధ్య తెల్లపూల పొద చూసి నేనూ అక్కా ఒకేసారి అరిచాము: "గన్నేరు!" ఎనిమిదో జోను! ఆన్వి ఉలిక్కిపడి ఆక్సిడెంటేమో అనుకుంది.

డాలస్, తరువాత ఇల్లు

ఆ రాత్రి అక్క స్నేహితురాలు ఉమ గారింట్లో ఉన్నాము. అక్టోబరులో, ఆమె పెరట్లో గోంగూర నా తలకన్నా ఎత్తు, పందిరికి బీరకాయలు, మడిలో బెండ. అమ్మేవాడు లేని కూరగాయల అంగడి అది. పప్పులోకి గోంగూర అప్పటికప్పుడు దూశారు. ఏటా నాటే ఈ కూరగాయలకు జోనుతో పని లేదు, మంచు పడని నెలలు ఎన్ని ఉన్నాయన్నదే వాటికి ముఖ్యం. ఉమ గారికి ఆ లెక్క చేతివేళ్ల మీద ఉంది. గోడ పక్కన మాత్రం ఒక ఎండిన మొద్దు.

"నిమ్మచెట్టండీ. మా జోన్‌కి పర్లేదు, కాస్త గోడ చాటున పెట్టండి అన్నారు. నాలుగేళ్లు కాసింది. రెండువేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో చలి వచ్చింది చూడండి, కరెంటు కూడా పోయిందే, అప్పుడు ఒక్క రాత్రికి పోయింది. జోన్‌ని ఏమనాలి ఇప్పుడు?"

"జోన్ సగటు చెబుతుందండీ. హామీ ఇవ్వదు" అన్నాను.

"అచ్చం మా ఆయన కంపెనీ లాగా" అన్నారు ఉమ గారు. స్వప్నక్క అందరికన్నా గట్టిగా నవ్వింది. ఈగన్ వదిలాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

ఆదివారం దారిలో వెస్ట్ అనే ఊళ్లో పండ్లు నింపిన చెక్ దేశపు తీపి రొట్టెలు తిన్నాము. నేరేడు రంగు ముద్ద పెట్టినవి ఆన్వి ఒక్కతే నాలుగు తిన్నది. సాయంత్రం రౌండ్ రాక్ చేరేసరికి కిరణ్ గారు ఇంటి ముందు నిలబడి ఉన్నారు. ఆ వీధిలో కాగితం పూలు కుండీల్లో వెలుగుతున్నాయి, ఒక ఇంటి ముందు మల్లెతీగ ఏకంగా నేలలోనే ఉంది. చలికి ముందు కుండీ ఇంట్లోకి మోయనక్కరలేని మల్లె! అక్క కారు దిగి దాని దగ్గరికే నేరుగా వెళ్లింది. తరువాత బకెట్ చేత్తో పట్టుకుని ఇంట్లోకి నడిచింది.

ఆ తరువాత

మరుసటి సంవత్సరం ప్రభుత్వం కొత్త పటం విడుదల చేసింది. ఈగన్ నాలుగు నుంచి అయిదుకు జరిగింది, రౌండ్ రాక్ ఎనిమిది నుంచి తొమ్మిదికి. రంగుచీర అంచు ఉత్తరానికి కొంచెం లాగినట్టు ఉంది. రౌండ్ రాక్‌లోని మూడు కళ్ల ముక్క బతికే ఉంది. స్వప్నక్క ప్రతి జనవరి దాని మీద ఐసు ముక్కలు పోస్తుంది, మార్చిలో ఆకులు వస్తాయి, ఎండలు ముదిరేసరికి వాడిపోతాయి. ఇంతవరకు ఒక్క మొగ్గ లేదు. అక్క దానిని తీయదు.

కాన్సాస్ ముక్క మొదటి వసంతంలో ఆకులే వేసింది. 2024 మే నెలలో హంసాబెన్ వీడియో కాల్ చేసి, "చీమలు వచ్చాయి, త్వరగా రండి" అంది. వాళ్లు కారులో, నేను విమానంలో వెళ్లాము. ఒక్క పువ్వు. తాళం కార్డు ఇంకా అక్కడే ఉంది, పేరు సగం చెరిగిపోయి. ఆన్వి పక్కన నిలబడింది, అక్క ఫోటో తీసి అక్కడి నుంచే పంపింది. డోరతీ గారి జవాబు పావుగంటలో వచ్చింది: "రంగు సరిగ్గా ఉంది. పిల్ల జుట్టు దువ్వండి."

2025లో అయిదు పూలు పూశాయి.

ఆన్వి పుట్టింది జూన్ పన్నెండున. ఇప్పుడు దాని పుట్టినరోజు మే నెల చివర, కాన్సాస్‌లో చేస్తున్నాము.